మెట్లకింది గది

జూన్ 4, బుధవారం

తాగేవాళ్ళకి తాము తాగుబోతులమని ముందు తెలుస్తుందా, ఇంట్లోవాళ్ళకి ముందు తెలుస్తుందా? పదమూడేళ్ళప్పుడు నాన్న గురించి పుట్టిన ప్రశ్న ఇది. చదువైపోయినా, పెళ్ళయినా, పిల్ల పుట్టినా నన్ను వదల్లేదు. అడగాల్సిన ఇద్దరూ, అమ్మా నాన్నా, పోయారు. ఇప్పుడిది నాన్న గురించిన ప్రశ్న కాదని తెలిసే రాస్తున్నాను.

ఈరోజు ల్యాబ్‌లో జరిగింది రాయాలి. రాయకపోతే రేపటికల్లా జరగలేదని నమ్మేస్తాను.

డయాలసిస్ సెంటర్ నుంచి నీళ్ళ శాంపిల్ వచ్చింది. కాఠిన్యం చూడాలి. బ్యూరెట్ లోంచి ఒక్కో చుక్కే వదులుతూ, ఫ్లాస్కులో నీళ్ళు ద్రాక్షరంగు నుంచి నీలానికి తిరిగిన క్షణాన ఆపాలి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకి నా చెయ్యి ఆ చిన్న కుళాయి మీద నిలవలేదు. చుక్క పడాల్సిన చోట ధార పడింది. పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అంతే. పక్క బల్ల దగ్గర నుంచి సూపర్‌వైజర్, "అయిందా మేడమ్?" అన్నాడు. "అయింది" అన్నాను. పోయిన నెల అంకె చూసి, దానికి కాస్త అటూఇటూగా ఒకటి రాసేశాను.

చెయ్యని పరీక్షకి అంకె రాశాను. ఆ నీళ్ళు మనుషుల నెత్తురు కడిగే మిషన్లోకి వెళ్ళే నీళ్ళు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక చెయ్యి నిమ్మళించింది. ఎలా నిమ్మళించిందో ఇక్కడ రాయనక్కర్లేదు. మళ్ళీ చేశాను. అంకె సరిపోయింది. సరిపోయిందని చూశాక ఇంకా భయమేసింది.

జూన్ 5, గురువారం

రిపోర్టు ఇచ్చే వంకతో డయాలసిస్ సెంటర్‌కి నేనే వెళ్ళాను. ఎందుకెళ్ళానో తెలియదు. ఎవరూ చనిపోలేదని చూసుకోవడానికేమో. నోటీసు బోర్డు మీద ఓ మూల కాగితం: తాగుడు మానాలనుకునేవారికి, వారి కుటుంబాలకి, మంగళ శనివారాలు సాయంత్రం ఆరింటికి, కుట్టు శిక్షణ కేంద్రంలో. పేర్లు అడగం.

ఫోన్లో ఫొటో తియ్యలేదు. ఫోన్ పాప చూస్తుంది. బట్టీ పట్టాను, చిన్నప్పుడు ఎక్కాలు పట్టినట్టు.

జూన్ 7, శనివారం

వెళ్ళాను.

ఇంట్లో ల్యాబ్‌లో ఆడిట్ అని చెప్పాను. ఆ వీధిలో అటు నుంచి ఇటు మూడుసార్లు నడిచాను. అద్దెకి సైకిళ్ళిచ్చే కొట్టతను నాకేసి అనుమానంగా చూశాడు. సైకిలెత్తుకుపోయేదానిలా ఉన్నాను కాబోలు.

మెట్ల మొదట్లో ఒకాయన పెద్ద కెటిల్‌తో టీ పోస్తున్నాడు. నా కాలు మొదటి మెట్టు మీద ఉంది. "మీ ఆయన కోసమా అమ్మా? మీరు కింది గదిలోకెళ్ళాలి. పైన తాగేవాళ్ళు" అన్నాడు.

"ఆ" అన్నాను.

కాలు వెనక్కి తీశాను. అంతే జరిగింది. ఆయన తప్పేం లేదు. చేతిసంచీ పట్టుకుని చీరకుచ్చెళ్ళు సర్దుకుంటున్న నలభై అయిదేళ్ళ మనిషిని చూసి ఎవరైనా అదే అనుకుంటారు. నేనూ అదే అనుకునేదాన్ని.

మెట్లకింది గదిలో కుట్టుమిషన్లన్నిటికీ గుడ్డలు కప్పి ఉన్నాయి. ఏడుగురు ఆడవాళ్ళు, కొడుకు కోసం వచ్చిన ఒక ముసలాయన. అందరినీ నడిపించేది రిటైరైన లెక్కల టీచరు. టీచరమ్మ అంటారు. మిషన్ కుట్టడం నేర్పే ఆవిడ కూడా ఆ గదిలోనే ఉంది, టైలరమ్మ. ఇక్కడ పేర్లుండవు, పనిని బట్టి పిలుపులు. నన్ను 'ల్యాబమ్మ' అన్నారు.

టైలరమ్మ చెప్పింది: "మా ఆయన మొన్న ఫ్రిజ్‌ని పలకరించాడక్కా. తలుపు తీసి, బాగున్నావా అన్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నన్నొక్కసారి అడగలేదు ఆ మాట!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడెనిమిది నెలలయింది అంత నవ్వి.

పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

జూన్ 8, ఆదివారం

ఈరోజు నుంచి. ఒకటో రోజు.

జూన్ 10, మంగళవారం

మెట్లెక్కుదామనే వెళ్ళాను. టీ ఆయన నన్ను చూసి తలుపు తీసి పట్టుకున్నాడు, కింది గదిది.

టీచరమ్మ, "ఇష్టమైతేనే చెప్పండమ్మా" అంది. "మా ఆయన..." అని మొదలుపెట్టాను. ఆ తర్వాత నోరు దానంతటదే నడిచింది. పొద్దున చేతులు వణకడం, ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం, ఈ ఒక్కరోజే అనుకోవడం, పిల్ల పుట్టినరోజున ఎక్కువ ప్రేమగా ఉండి మర్నాడు ఏమన్నదీ గుర్తులేకపోవడం. అన్నీ ఆయనకి తొడిగేశాను. కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం అద్దాలు తుడుచుకునే మనిషి. పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకు కూడా సగం వదిలేసే మనిషి.

"ఎక్కడ దాస్తాడక్కా?" అంది టైలరమ్మ.

"షాంపూ సీసాలో" అన్నాను.

నిజానికి ల్యాబ్ నుంచి తెచ్చిన శాంపిల్ బాటిల్లో. వంటింటి పై అరలో. రంగులేనిదే కొంటాను, చూస్తే నీళ్ళే. రసాయనాలేమోనని ఇంట్లో ఎవరూ ముట్టరు. దానికి లేబుల్ కూడా ఉంటుంది, నింపిన తేదీ, వేళతో సహా. లేబుల్ లేని సీసా చూస్తే నాకు ప్రాణం కుదుటపడదు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, కాసేపటికి నవ్వు పోతోంది.

జూన్ 11, బుధవారం

నాలుగు. సీసా ఖాళీగానే ఉంది. ఎందుకు పారెయ్యలేదో అడక్కు.

జూన్ 14, శనివారం

గదిలో నాకు గౌరవం పెరిగిపోయింది. "మీరు మీ ఆయన మనసులో దూరి చూసొచ్చినట్టు చెబుతారమ్మా. లోపల ఏమనుకుంటారో మాకెవరికీ అంతుపట్టదు" అంది టీచరమ్మ. ముసలాయన కుర్చీ నా పక్కకి లాక్కుని అడిగాడు: "మావాడు ఒట్టేస్తాడమ్మా, నా తల మీద చెయ్యి పెట్టి. సాయంత్రానికి మామూలే. ఆ ఒట్టు అబద్ధమేనా?"

"అబద్ధం కాదండీ. వేసేటప్పుడు నిజమే" అన్నాను.

ఆయన చాలాసేపు తలూపుతూ కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. కానీ చెప్పింది తప్పు కాదు. అదే కదా చిక్కు.

మా ఆయన మానేసి వారమైందని చెప్పాను. చప్పట్లు.

జూన్ 19, గురువారం

పన్నెండు. ఈరోజు బ్యూరెట్ కుళాయి మీద చెయ్యి రాయిలా నిలబడింది. చుక్క, చుక్క, చుక్క, నీలం.

పాప యూనిఫాం ఇస్త్రీ చేశాను. దాని లెక్కల నోట్సు చూశాను. జడ వేస్తానన్నాను. అది అద్దంలోంచి నన్ను చూసి, "ఏంటమ్మా, ఎవరైనా పోయారా?" అంది.

"అదేం మాటే!"

"మరి ఇంత మంచిగా ఉన్నావేంటి? నువ్విలా ఉంటే నాకు భయమేస్తుంది."

"ఎందుకు?"

"తర్వాతి రోజు గుర్తొచ్చి."

తొమ్మిదో తరగతి పిల్ల. జడ వంకరగా వేశాను, విప్పి మళ్ళీ వేశాను.

జూన్ 28, శనివారం

ఇరవై ఒకటి. పైకి వెళ్ళాల్సింది. ఇప్పుడు మానేశాను కదా, ఇంక పైకెందుకు? కింద కూర్చున్నా ఫలితం అదే. మందు ఏ గ్లాసులో తాగితేనేం, రోగం తగ్గింది. (ఈ పోలిక నాకే నచ్చలేదు.)

జూలై 6, ఆదివారం

తలనొప్పి. పాప సైన్సు పోటీకి వెళ్ళింది, ఆయన తోడెళ్ళారు. ఇల్లంతా నిశ్శబ్దం. పుస్తకం చదువుకున్నాను.

జూలై 7, సోమవారం

ఏ పుస్తకమో గుర్తులేదు.

జూలై 8, మంగళవారం

ముప్ఫై ఒకటి అని చెప్పాను.

టైలరమ్మ ఏడ్చేసింది. అన్నయ్య ఇంటికి వెళ్ళిపోదామని పిల్లల బట్టలు కూడా సర్దేసుకుందట. "మీ ఆయన మానగా లేనిది మా ఆయన మానలేడా అక్కా, చూద్దామని పెట్టె విప్పేశాను" అంది. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. కుట్టి కుట్టి బరుకెక్కిన వేళ్ళు. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు.

టీ తాగకుండా వచ్చేశాను.

జూలై 12, శనివారం

మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి షాపుకి వెళ్తే, లోపల కుర్చీలో టీచరమ్మ! కొత్త ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటోంది.

"మీరా!" అంది. నన్ను చూసింది, క్యారియర్ చూసింది, ఆయన్ని చూసింది. "ఈయనేనా?"

"ఆ" అన్నాను. మళ్ళీ అదే 'ఆ'.

"మీకు తెలిసినావిడా?" అన్నారు ఆయన.

"మేమిద్దరం ఒక క్లాసుకి వెళ్తాం" అన్నాను.

"అవును బాబూ, క్లాసే" అంది టీచరమ్మ. గదిలో విన్నది గదిలోనే వదలాలని ఆవిడ నియమం. కానీ ఆయన్ని చూసిన చూపు! జ్వరం తగ్గిన పిల్లాడిని చూసినట్టు. కళ్ళజోడు గురువారం ఇస్తానన్నారు ఆయన.

ల్యాబ్ ఆడిట్ అన్నదాన్ని క్లాసు అన్నాను. ఆయన ఏమీ అడగలేదు. సాయంత్రం నేను గదికి వెళ్ళలేదు.

జూలై 17, గురువారం

భోజనాల దగ్గర, "మీ టీచరమ్మ కళ్ళజోడు తీసుకెళ్ళింది" అన్నారు.

"ఓహో."

"మంచావిడ."

ఇంకేమైనా అంటారేమోనని పళ్ళెం కడిగినదాన్నే కడుగుతూ నిలబడ్డాను. టీవీ పెట్టుకున్నారు.

జూలై 19, శనివారం

 

అందరూ వచ్చి కూర్చోకముందే టీచరమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళింది, గుడ్డలు కప్పిన మిషన్ల వెనక్కి. కొత్త కళ్ళజోడు బాగా నప్పింది.

"అమ్మా, చెప్పకూడదు. నా నియమం నేనే తప్పుతున్నాను. కానీ చెప్పకపోతే మీరు మోసపోతారు" అంది. "గురువారం షాపులో ఎవరూ లేరు. ఎలా ఉన్నారు బాబూ, ఎన్నాళ్ళయింది మానేసి అని అడిగాను. మీ లెక్కన నలభై కదా? ఆయన చాలాసేపు అద్దం తుడుస్తూ ఉండిపోయారు. ఆఖరికి, 'ఈరోజుకి పదకొండండీ' అన్నారు. మధ్యలో ఒక ఆదివారం తప్పారట. మీకు తెలియదనుకుంటా. తిట్టకండమ్మా. పరాయిదాన్ని, నాకు నిజం చెప్పారంటే ఆ మనిషి బాగుపడతారు."

పదకొండు. వేళ్ళు మడిచి లెక్కేశాను, మిషన్ వెనకాల నిలబడి. ఏడో తారీఖు నుంచి పదిహేడు దాకా. పదకొండే.

జూలై ఆరున పుస్తకం చదవలేదు.

జూలై 20, ఆదివారం

పాప ట్యూషన్‌కి వెళ్ళేదాకా ఆగాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో కళ్ళజోడుకి మర బిగిస్తున్నారు.

"పదకొండని ఎందుకు చెప్పారు?" అన్నాను.

"పదకొండే కదా."

"మీకెలా తెలుసు?"

తలెత్తలేదు. "సీసా మీద రాశావుగా. ఆరో తారీఖు, మధ్యాహ్నం రెండుంపావు."

నేను కూర్చున్నాను.

"ఎప్పటినుంచి చదువుతున్నారు లేబుళ్ళు?"

"రెండేళ్ళు."

"అడగొచ్చుగా!"

"నువ్వే చెబుతావనుకున్నాను. ఈ వారం చెబుతుంది, వచ్చే వారం చెబుతుంది..." మర చేతిలోంచి జారి కింద పడింది. ఇద్దరం నేల మీద వెతికాం. దొరికాక, నేల మీదే కూర్చుని అన్నారు: "జూన్ ఏడు తర్వాత కొత్త లేబుల్ లేదు. నెల్లాళ్ళు రోజూ పై అర చూశాను. షాపు తెరిచినా తెరవకపోయినా అది చూసేవాణ్ణి."

"ఆవిడ మిమ్మల్ని తాగుబోతనుకుంటే కాదనొచ్చుగా?"

"అనొచ్చు. అంటే నువ్వింక అక్కడికి వెళ్ళవు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? నా షాపులో నా కుర్చీలో కూర్చుని నన్నే ఓదారుస్తుంటే! ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్క చుక్క ముట్టనివాణ్ణి." దొరికిన మరని వేళ్ళ మధ్య తిప్పారు. "వెళ్ళబోతూ చెయ్యి పట్టుకుంది. 'ఇంట్లో కష్టంగా ఉంటుంది బాబూ, నాకు తెలుసు' అంది. ఏడుపొచ్చింది. కస్టమర్ వస్తే కంట్లో నలక పడిందన్నాను. కళ్ళజోళ్ళవాడికి నలకేంటి, నమ్మలేదు."

నవ్వబోయారు. కుదర్లేదు.

సీసా తీసి ఆయన ముందే చెత్తబుట్టలో వేశాను. లేబుల్ చింపబోతే, "ఉండనీ" అన్నారు.

జూలై 22, మంగళవారం

టీ ఆయన కింది గది తలుపు తీసి పట్టుకున్నాడు. నేను మెట్ల వైపు తిరిగాను.

"అమ్మా, అది పైకి..."

"తెలుసండీ."

పైన తొమ్మిది మంది మగవాళ్ళు. కిర్రుమనే ఫ్యాను. తలుపు దగ్గర నన్ను చూసి మాటలాగిపోయాయి. పెద్దాయన ఒకరు, రిటైరైన బస్సు డ్రైవరట, లేచి, "ఎవరి కోసమమ్మా?" అన్నారు.

ఏం చెప్పాలో దారంతా అనుకున్నాను. ఒక్కటీ రాలేదు. "నా కోసమే" అన్నాను.

ఎవరో దగ్గారు. డ్రైవర్ గారు కుర్చీ ఒకటి లాగి వేశారు. "రండి, కూర్చోండి. ఇక్కడున్న అందరం బండి గుంటలో దింపినవాళ్ళమే. ప్యాసింజర్లు కింద ఉంటారు."

నవ్వారు అందరూ. నేను ఏడ్చాను. పదహారో రోజని చెప్పాను. చప్పట్లు కొట్టలేదు, డ్రైవర్ గారు మూడు వేళ్ళు చూపించి, "నాకు మొదటిసారి మూడు రోజులే" అన్నారంతే.

దిగేసరికి కింది గది కూడా వదిలారు. నన్ను మెట్ల మీద చూసి టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "ఆయన్ని పైకి తీసుకొచ్చారా! ఏరీ?"

"ముందే వెళ్ళిపోయారండీ" అన్నాను.

పైన ఒక నిజం చెప్పి, మెట్లు దిగేలోగా ఒక అబద్ధం.

జూలై 26, శనివారం

ఇరవై. స్కూటర్ మీద ఆయనే దింపారు. నేను వచ్చేదాకా టీ ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నారు. దారిలో చెప్పారు: "నాకు టీ ఇచ్చి, 'పైకి వెళ్ళండి సార్, మొదట్లో అందరికీ కాళ్ళు రావు' అన్నాడు."

"మీరేమన్నారు?"

"వచ్చే వారం చూస్తానన్నాను." నవ్వారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఆ కింది గదిలో ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగారు.

ఫ్రిజ్ సంగతి చెప్పాను. స్కూటర్ ఊగేంత నవ్వారు. "ఇంకా?" అన్నారు. ముసలాయన ఒట్టు సంగతి చెప్పాను. నవ్వలేదు. "ఇంకా?" అన్నారు. ఇల్లొచ్చేదాకా అలా అడుగుతూనే ఉన్నారు, ఆకలైనవాడు అడిగినట్టు.

జూలై 29, మంగళవారం

ఇరవై మూడు. ల్యాబ్‌లో సూపర్‌వైజర్‌కి జూన్ నాలుగు సంగతి చెప్పాను, అంకె ముందు రాసి పరీక్ష తర్వాత చేశానని. అతను రిజిస్టరు తెరిచి ఆ రోజు పేజీ చూశాడు. మూడు నెలలపాటు నా ప్రతి అంకె పక్కన రెండో సంతకం ఉండాలన్నాడు. సరేనన్నాను. అవమానంగా ఉంది. భయం మాత్రం కాస్త తగ్గింది.

సాయంత్రం స్కూటర్ ఆపి ఆయన మామూలుగానే అడిగారు, హెల్మెట్ తియ్యకుండా: "నేను ఆ గదికి వెళ్ళొచ్చా?"

ఏ గదో అడగనక్కర్లేదు.

ఆగస్టు 2, శనివారం

ఇరవై ఏడు.

ఆయన వెళ్ళాలి. నాకు తెలుసు. రెండేళ్ళు పై అర చూసి షాపు తెరిచిన మనిషి. ఆ గదిలో అయిదు వారాలు నేను కూర్చున్న కుర్చీ ఆయనది. ఆయనకి దొరకాల్సిన మాటలు, నవ్వులు, టీచరమ్మ ఓదార్పు, అన్నీ నేను తీసుకున్నాను. ఆయన ఆ గుమ్మం దాటాలంటే ముందు నేను వెళ్ళి, అలాంటి భర్త లేడని చెప్పాలి.

ఈరోజు చెబుదామని అయిదున్నరకే వెళ్ళాను. టైలరమ్మ ఒక్కతే ఉంది, మిషన్లకి గుడ్డలు కప్పుతూ. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళాయన మానేసి పద్దెనిమిది రోజులట. "రోజూ మీ ఆయన పేరు చెప్పే ఆపుతున్నానక్కా. ల్యాబమ్మ వాళ్ళాయన నెల దాటించాడు, నీకేం రోగం అంటాను. పేరు తెలియదు కదా, ల్యాబమ్మ వాళ్ళాయనే అంటాను. మా ఆయన నిన్న, 'ఆయన్ని ఒకసారి చూడాలే' అన్నాడు."

నేను నోరు తెరిచాను. "బావున్నాడు కదా మీ ఆయన?" అంది.

"బావున్నారు" అన్నాను. అది నిజం కూడా.

తర్వాత పైకెళ్ళాను. కిటికీలోంచి చూస్తే కింద బెంచీ మీద ఆయన, రెండు చేతుల మధ్య టీ గ్లాసు పట్టుకుని, కింది గది మూసిన తలుపు వైపే చూస్తున్నారు. లోపల ఏదో జోకుకి నవ్వారు. బయట ఆయన తల కొద్దిగా అటు తిరిగింది.

చెబితే టైలరమ్మ ఇంట్లో ఆ పద్దెనిమిది రోజులేమవుతాయో తెలియదు. ఏమీ కాకపోవచ్చు. అబద్ధం మీద నిలబడినా నిలబడటం నిలబడటమే కావచ్చు. చెప్పకపోతే ఆయన బెంచీ మీదే. వేరే ఊళ్ళో వేరే గది వెతుకుదామని కూడా ఆలోచించాను, అది నా పిరికితనమని వెంటనే తెలిసింది. ఇందులో టైలరమ్మ మీద జాలి ఎంత, వాళ్ళ ముందు తల దించుకోవాలన్న భయం ఎంత, గంటసేపటి నుంచి వేరు చెయ్యాలని చూస్తున్నాను. వేరవడం లేదు.

మంగళవారం మళ్ళీ వెళ్తాం, ఇద్దరం. చెప్పాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.